పన్నెండో నంబరు ఊదా

లండన్ నుంచి వచ్చిన పెట్టెలో
గాయాలకు పద్దెనిమిది రంగులున్నాయి.
నిన్నటి దెబ్బకు ఎరుపు, మొన్నటిదానికి నీలం,
వారం దాటినదానికి లేత పసుపు.
పన్నెండో నంబరు ఊదా
కథానాయకుడి దవడ మీద అద్దితే
కెమెరా కూడా అయ్యో అంటుంది.

అదే ఊదా అరుమైనాయగం మోకాలి కింద అద్దాను.
చర్మం తాగేసింది.
మానిటర్‌లో చూసి దర్శకుడు మర్యాదగానే అన్నాడు:
"ఈయన దెబ్బ కనబడటం లేదు,
వెనక వరసలోకి పంపండి."

వెనక వరసంటే వెదురు పాకల అవతల,
పొగ యంత్రం పక్కన.
అక్కడ అప్పటికే నిలబడి ఉన్నారు
పెరక్ రబ్బరు తోటల మనవలు,
జావా నుంచి వాగిమిన్,
కొండ దిగొచ్చిన కరెన్ కుర్రాడు సో ఏ థా,
మా సంఖ్లబురి వంతెన దగ్గర చేపలమ్మే నాయ్ తలా.
కాగితంలో వాళ్లందరికీ ఒకటే పేరు: కూలీలు, నలభై.
ముందు వరస ఖైదీలు ఆరుగురికి
ఆరు పేర్లు, ఆరు ఊళ్లు,
ఒకడికి జేబులో మౌతార్గాన్ కూడా.

ఇది దయ్యాల సినిమా.
రైలుకట్ట కింద పూడ్చినవాళ్లు రాత్రిళ్లు లేస్తారు.
లేచేవి చేతులు మాత్రమే,
స్లీపర్ల మధ్యనుంచి, మోచేతి దాకా.
"ముఖాలెందుకు, చేతులు ఎవరివైనా ఒకటే భయం"
అంటాడు సహాయకుడు పిచాయ్.
మంచివాడే. అందరికీ ఐసు టీ తెప్పిస్తాడు.

మా అమ్మమ్మకి కుడి పిక్క సగమే ఉండేది.
గుంట అంచు నలుపు కాదు,
తడిబొగ్గు మీద నూనె తేలినట్టుండేది.
చిన్నప్పుడు నా బొటనవేలు అందులో సరిగ్గా పట్టేది.
ఏమైందే అంటే "రైలు తినేసింది" అనేది,
చెంపలకు రాసే తనకా చెక్క అరగదీస్తూ,
తలెత్తకుండా.

ఆ రాత్రి లాడ్జిలో లండన్ పెట్టె మూసేశాను.
చింతపండు గుజ్జు, కాఫీ మడ్డి, పొయ్యి మసి,
జెలటిన్, వంకాయ తొక్క ఉడికించిన నీళ్లు.
నా కాలి మీదే ఏడుసార్లు పూసి ఏడుసార్లు తుడిచాను.
ఎనిమిదోసారి అమ్మమ్మ కాలు వచ్చింది.
గభాలున దుప్పటి కప్పేశాను.

మర్నాడు అరుమైనాయగం కాలు చూసి
లైట్లు మోసే పిల్లాడు పక్కకెళ్లి కక్కుకున్నాడు.
దర్శకుడు చాలాసేపు మానిటర్ వదల్లేదు.
"ఎక్కువైందేమో. జనం
హీరో నొప్పి మర్చిపోతారు" అన్నాడు.

తుడవమన్నారు.
ముసలాయన వచ్చీరాని థాయ్‌లో నన్నాపాడు,
ముందు ఫోటో తీయమన్నాడు,
మోకాలి నుంచి కిందికి.
"మా నాన్నది ఒక్క ఫోటో కూడా లేదమ్మా."
తీశాను. తుడిచాను.

సాయంత్రం చేతుల షాట్.
నలభై జతల రబ్బరు తొడుగులు, అన్నీ ఒకే బూడిదరంగు.
తొడిగేముందు తిరగేసి, లోపలివైపు
ఎవరు చెప్పిన పేరు వాళ్లకి మార్కర్‌తో రాశాను.
సుప్పమ్మాళ్. పొన్నుస్వామి. వాగిమిన్ వాళ్ల తాత సాదిక్రొమొ.
నాయ్ తలాకి పేరు తెలీదు, ఊరి పేరు రాయమన్నాడు.
సో ఏ థా ఏమీ చెప్పలేదు, ఒక గీత గీశాను.
అమ్మమ్మ బతికి బయటపడింది కదా,
మిగిలిన జతలో ఆమె చెల్లెలి పేరు.

యాక్షన్ అన్నారు. మట్టి కదిలింది.

అర్ధరాత్రి తొడుగులు ఊడదీస్తే
చెమటకి సిరా కరిగి
అక్షరాలు చేతులకే అంటుకున్నాయి,
కుడి ఎడమలు తారుమారై.
నాయ్ తలా చెయ్యి కడుక్కోలేదు.
ఎడమచేత్తో అన్నం తిన్నాడు.