కాజా

డిసెంబరు మొదటివారంలో సింగరాయకొండలో రైలు దిగాను.
సంచిలో మూడు చీరలు, బదిలీ కాగితం,
ఆఫీసు వాళ్లకని కాకినాడ కాజాల డబ్బా.
కందుకూరు దాకా ఆటోలో
నా ఒళ్లో ఎవరిదో కోడిపుంజు.

"కొత్తగా చేరారు, పండగలయ్యేదాకా
సెలవు మాటెత్తకండి" అన్నాడు పోస్టుమాస్టరు.
సరేనండి అన్నాను.
ఆ 'అండి'కి కౌంటరు అవతల వరసంతా నవ్వింది.

గది పామూరు రోడ్డులో, ఎలీషా టైలరు కొట్టు మీద.
అడ్వాన్సు ఇచ్చినప్పుడు మిషన్లు పగలే తిరుగుతున్నాయి.
డిసెంబరులో టైలరుకి రాత్రి ఉండదని
నాకెవరూ చెప్పలేదు.

పదకొండింటికి టకటక. ఒంటిగంటకీ టకటక.
మంచం కోళ్లలోంచి ఎక్కి వెన్నులో దూరేది చప్పుడు,
నా నిద్రకి ఎవరో అంచు కుడుతున్నట్టు.
రెండింటికి అవి ఆగితే వీధి చివర డప్పులు,
ఇల్లిల్లూ తిరిగే పాటల జట్టు,
గెడకర్రకి కట్టిన కాగితం నక్షత్రం,
దుప్పట్లు ముసుగేసుకున్న పిల్లలు, వెనకాల కుక్కలు.
నా తలుపూ కొట్టారు.
లైటార్పేసి దొంగలా ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.
పొద్దున గడప దగ్గర ఒంటి చెప్పు, చిన్నది.

సాయంత్రాలు ఏం చెయ్యాలో తెలియక
బస్టాండులో కూర్చునేదాన్ని
ఎక్కని బస్సుల బోర్డులు చదువుతూ.
కనిగిరి. పామూరు. ఉదయగిరి.
టీ కొట్టతను నాలుగో రోజు అడిగాడు
"యాడికి పోవాలమ్మా నువ్వు?"
మర్నాటి నుంచి అదీ మానేశాను.

ఇరవై రెండో తారీకు రాత్రి ఇక తట్టుకోలేక
నాలుగు మాటలు గట్టిగా అడిగేద్దామని దిగాను,
మెట్ల మీద రిహార్సలు కూడా వేసుకుని.
కొట్టు నిండా గుడ్డలు. ఎలీషా కళ్లు చింతనిప్పులు.
సువార్తమ్మ నన్ను చూసి చాప మీద పక్కకి జరిగింది
నేనొచ్చింది అందుకే అయినట్టు.
"కాజాలు ఎయ్యటం వచ్చా నీకు?"
"రాదండి. మా ఊళ్లో కొనుక్కుంటాం."
సూది కింద పెట్టి మరీ నవ్వింది.
"తినేయి కాదు తల్లా. గుండీ దూరే కన్ను."

నా చేతిలో కాజా వంకరపోయింది.
గుండీలు ఇచ్చింది. అవి వచ్చు.
అడ్డంగా రెండు, నిలువుగా రెండు, అడుగున మూడు చుట్లు,
పంటితో తుంచడం.

చొక్కాకో చీటీ. చీటీ మీద పేరు కాదు, ఆనవాలు:
ఐసు బండి. డిపో కండక్టరు. ఎడమ భుజం దిగుడు.
'మనవరాలు, ఇంకా చూళ్లా' అని ఒక గౌనుకి.
నీలం గళ్ల చొక్కా మీద చీటీ లేదు,
ఎలీషా తలెత్తకుండానే అన్నాడు,
"ఆయన పెళ్లాం పోయి నెల.
కొలత సగమైంది. నేను పాత కొలతకే కోసినా.
తింటాడులే మళ్లా."

రెండింటికి జట్టు వచ్చింది. తలుపు తెరిచే ఉంది.
చెప్పు తిరిగి ఇచ్చేశాను.
ఆ పిల్లాడు, నేను కావాలని దాచుకున్నట్టు చూశాడు.

పండగ పొద్దున మేడ మీద నిలబడి చూశాను
చర్చికి పోతున్న ఊరంతటినీ.
పైనుంచి గుండీలు కనిపించవు.
అరిసెల పళ్లెం వచ్చింది, ఖాళీ పళ్లెం ఎలా తిరిగివ్వాలో తెలియక
రెండు రోజులు నా దగ్గరే పెట్టుకున్నాను.
మిషన్లు ఆగిపోయాయి కదా,
ఆ రాత్రులూ నిద్ర పట్టలేదు.

జనవరిలో ఒకాయన పాసుపుస్తకం చాపాడు.
మాలకొండయ్య. నామినీ పేరు మార్చాలట.
ఎవరి పేరు రాయమంటారంటే
వెంటనే చెప్పలేకపోయాడు.
నీలం గళ్ల చొక్కా. ఇంకా వదులుగానే ఉంది.
మూడో గుండీ దారానికి వేలాడుతోంది,
ఆ కుట్టు నాదే.

"ఒక్క నిమిషం ఆగండి" అన్నాను,
స్టాంపుల సొరుగులో సూది వెతుకుతూ.
ఆ 'అండి'కి ఎవరూ నవ్వలేదు.
వెనక నుంచి ఒకావిడ మాత్రం
"బిన్నా కానీమ్మా, పామూరు బస్సు పొయ్యిద్ది" అంది.