ఆ రాయి ఎన్ని కిలోలు

డోరు తీస్తే పక్క కంబం మీద
నిమ్మకాయ మిరపకాయల బొమ్మ అతికించి ఉన్నది.
పాత ఓనరు దిష్టి.
నస్రీన్ గోరుతోటి గీకింది, పోలే.
జడల పిన్ను తీసి గీకింది.
కింద వెండిరంగు రేకు, అరచేతిల సగం.

రాణిగంజ్ గల్లీల లతీఫ్ చాచా షెడ్డు.
చాచా గుంతల పండుకొని
సైలెన్సర్‌ను తిడుతుండు.
పాలిటెక్నిక్ చదివే ఆయన బిడ్డ
నాకు అక్షరాలు నేర్పుతున్నది.

'ఆర్సీ పట్టుకో అండాలక్కా, నేను చదువుత.'
పదిహేడు గుర్తులు,
అంకెలు అక్షరాలు కలగలిసి, కందిపప్పుల రాళ్ళ లెక్క.
రేషన్ షాపుల పేరు వెతికినట్టు
ఒక్కొక్కదాని మీద వేలు పెట్టిన.
మొదటిది ఎం. మన దేశంల పుట్టిన గుర్తట.
ఐ ఉండదు, ఓ ఉండదు,
ఒకటి అనో సున్నా అనో మోసపోతమని.
క్యూ కూడ ఉండదట.
ఈ ఊర్ల క్యూ లేని జాగ ఒక్కటన్న దొరికింది.
పదిహేడూ కలిసినయ్. దొంగ బండి కాదు.

ఆడిదాక సంతోషంగనే ఉన్నది.
తర్వాత కిందిగీత చూపెట్టింది.
పదిహేను వందల పది కిలోలు.
'గింత మొయ్యొచ్చా!' నా నోట్ల నీళ్ళూరినయ్.
'బండితోటి కలిపి గింత అక్కా.
ఉత్త బండే తొమ్మిదొందల నలభై అయిదు.'

తీసేస్తే మిగిలింది అయిదొందల అరవై అయిదు.
'డ్రమ్ము ఎంతుంటది?'
నలభై అయిదు. పద్నాలుగు డ్రమ్ములు.
పొద్దుగాల నాలుగింటికి, భరత్‌నగర్ బ్రిడ్జి మీదికెల్లి
అమీర్‌పేట హాస్టళ్ళకు ఇడ్లిపిండి.
'నీ బరువు?'
యాభై ఎనిమిది, అన్న.
పిల్ల పెన్ను ఆపి నన్ను చూసింది.
డెబ్భై ఒకటి, అన్న.
'ఆర్టీవోకు చెప్పు అబద్ధం, టైరుకు చెప్పకు.'
సాయం వచ్చే బాలనర్సు అరవై నాలుగు,
జేబుల బీడీలు కాకుండ.

రెండు క్వింటాళ్ళు ఎక్కువ.
దినాం. ఏడాదిన్నర.

'పిండి పొంగుతది గద, అందుకే అంత,' అన్న.
గుంతల కెల్లి నవ్వు వచ్చింది.
'పొంగితే డ్రమ్ము నిండుతది బేటీ, బరువు పెరగదు.'
ఇరవై రెండేండ్ల సంది రుబ్బుతున్న.
ఈ ముచ్చట నాకు
సైలెన్సర్ కింద పండుకున్నాయన చెప్పాలె.

పోయిన వానకాలం, బ్రిడ్జి దిగుతుంటే
బ్రేకు తొక్కిన.
బండి ఇనబడనట్టే పోయింది.
ముంగట స్కూటరాయన ఎర్ర హెల్మెట్
ఇంకా కండ్లల్లనే ఉన్నది, జానెడు దూరంల.
ఆ దినం వానను తిట్టిన, బ్రేకును తిట్టిన,
బాలనర్సును ఊకెనే తిట్టిన.
నా భుజం పక్కనే, నిమ్మకాయ బొమ్మ కింద
రేకు ఉండనే ఉన్నది.

దాని మీద నంబరు కొట్టినాయన
నన్ను ఎన్నడు చూడలే.
ఏ ఫ్యాక్టరీలనో, ఏ రాత్రి షిఫ్టులనో.
అయినా, అండాలు అనేటిది ఒకతి ఉంటదని,
ఇంకొక్క డ్రమ్ము పడుతది తియ్ అంటదని
ఆయనకు ఎర్కే.

టైరు చెంప మీద ఎనభై రెండు అని ఉన్నది.
ఒక్క టైరు నాలుగొందల డెబ్భై అయిదు మోస్తదట,
గాలి సక్కగ ఉంటేనే.
ఇద్దరు పోతే ఒక గాలి, నిండ పోతే ఒక గాలి.
నేను బంకుల పిల్లగాడు ఎంత కొడితే అంత.

ఇప్పుడు తొమ్మిది డ్రమ్ములే.
మిగిలిన అయిదిటికి రెండో ట్రిప్పు.
పెట్రోలుకు రోజు నూటయాభై ఎక్కువ,
దినాం ఏడుస్త, అబద్ధమెందుకు.
లేటయిందని హాస్టల్ వార్డెన్ అరుస్తది.
బండి మాత్రం మొదటి మాటకే ఆగుతున్నది.

నిన్న బ్రిడ్జి ఎక్కుతుంటే
వెనుక టిక్ టిక్‌మని సప్పుడు.
పిండి పొంగి మూతను ఎత్తుతున్నది.
ఇన్నొద్దులు ఇంజను మూలుగుల
ఇది ఇనబడలే నాకు.
'మూత మీద రాయి పెట్టన్నా అక్కా?'
బాలనర్సు ఒక రాయి చూపెట్టిండు.
ఆ రాయి ఎన్ని కిలోలు, అని అడిగిన.