ఆటుకా, పోటుకా

నక్కలగుట్ట హోటల్ల ఏసీ హాలు.
కుర్చీలకు తెల్లబట్టలు తొడిగి వెనుక ముడేసిండ్రు.
మనిషికో చిన్న సీసల ఇసుక పంచిండ్రు:
"మీ దీవి ఇసుక సార్, వాసన చూడుండ్రి."
ఓదేలు మూత తీసి చూసిండు.
ఎనుమాముల యార్డుల నలభై ఏండ్లు మిర్చి ఘాటు పీల్చిన ముక్కు,
దానికి ఇంకేం తెలుస్తది?
"ఉప్పు ఉందిరా" అన్నడు నాతోటి, మెల్లగ.

బ్రోకరు పేరు నీరజ్ సారు.
మెడల టై, చేతికి రుద్రాక్ష,
ప్రతి మాటకు ముంగట "మనం మనం".
సముద్రం నడుమ ఏడెకరాలు, నూటపది కొబ్బరిచెట్లు,
తొమ్మిదిమంది కలిస్తె ఒక దీవి.
ఎనిమిదిమంది దొరికిండ్రట, ఒక్క వాటానే ఉన్నదట.
ఆ ఎనిమిదిమందిని ఎవ్వరు చూడలే.
బయానా ఐదు లక్షలు, రేపు పన్నెండు లోపట.

నేను సర్వే ఆఫీసుల గొలుసు పట్టినోణ్ణి.
ముప్పైమూడడుగుల ఇనుము, ముప్పైయొక్క ఏండ్లు.
సముద్రం నేను చూడలే,
సూరత్ మగ్గాలకు పోయొచ్చిన బావమరిది చెప్తె విన్న.
అయినా లేచి అడిగిన:
"సారూ, ఈ ఏడెకరాలు ఎప్పుడు కొలిచిండ్రు?
ఆటుకా, పోటుకా?"

హాలంత నవ్విండ్రు.
నీరజ్ సారు గూడ నవ్విండు, జర ఆలస్యంగ.

యార్డు గేటు కాడ చాయ హోటల్ల కాయిదాలు పరిచిన.
చెక్కుబంది చదివిన:
తూర్పు సముద్రం. పడమర సముద్రం.
ఉత్తరం సముద్రం. దక్షిణం, మళ్ల అదే.
"ఓదేలూ, హద్దు తగాదొస్తె సాక్షి ఎవడు?
పక్క పట్టాదారు అలనాయె.
అలకు నోటీసు ఏ చెయ్యికిస్తవు?"

అట్ట మీద "మీ సొంతం" అని బంగారు అక్షరాలు.
ఆరో పేజీల, చీమ కాలంత అక్షరాలల్ల, "లీజు".
ఎవని చేతినుంచి ఎవని చేతికొచ్చిందో
లింకు కాయిదం ఒక్కటి లేదు.
"వకీలును వాళ్లే ఇస్తమన్నరు గదరా" అన్నడు.
"వాళ్లిచ్చిన వకీలు వాళ్ల వకీలే.
ఆ దేశపోణ్ణి ఒకణ్ణి నీ పైసలతోటి నువ్వే పెట్టుకో,
ముందు దీవి ఉన్నదో లేదో అడుగు,
తర్వాత ఎవలిదో అడుగు."

ఫొటో మూలకు వేలు పెట్టిన.
రెండు కొబ్బరిచెట్ల నడుమ వల ఆరేసి ఉంది.
"పహాణిల పట్టాదారు గడి ఒకటి, అనుభవదారు గడి ఒకటి.
గీ వల ఎవలిదో వాడు అనుభవదారు.
వానికి తెల్వకుండ నీకు అమ్మెటోడు ఎవడు?"

ఓదేలు సీసను అటిటు వంచిండు,
ఇసుక ఒక దిక్కు జారింది, మళ్ల ఇంకో దిక్కు.
"ఎవ్వలు తుమ్మని జాగల
ఒక్క నెల పండుకోవాలనిపించిందిరా" అన్నడు.
దానికి నా కాడ జవాబు లేదు.
తర్వాత అడిగిండు:
"సముద్రం మొఖం చూడనోనివి,
ఆటు పోటు నీకెట్ల తెలుసు?"

ఎట్ల తెలుసు.
కరువు మే నెల, కోమటికుంట నెర్రెలు బారింది.
జీపేసుకోని వచ్చినోడు శిఖం చూపిచ్చి పట్టమన్నడు.
పట్టిన.
మూడువందలిచ్చిండు, నిమ్మకాయ సోడ తాగిపిచ్చిండు.
అరవై ప్లాట్లు. తెల్ల సున్నం గీతలు.
నలభైయొకటో నంబరు ఓదేలు కొన్నడు,
నేను కొలిచిన అని నమ్మి కొన్నడు.
నిండినప్పుడు కొలవాలె చెరువును,
ఎండినప్పుడు గాదు.
గొలుసు పట్టినోనికి ఇది తెల్వదా?

గా వానకాలం నుంచి
ఆ హద్దురాయి నెత్తి ఒక్కటే నీళ్లమీద కనబడుతది.
నీళ్లకాకి దాని మీద కూసోని
రెక్కలు ఆరేసుకుంటది.

ఇన్నేండ్లు చెప్పలే. చాయ చల్లారుతుంటె చెప్పిన.

ఓదేలు చెక్కుబుక్కు జేబుల పెట్టుకున్నడు.
సీస బల్లమీదనే ఇడిసిండు.
మా దోస్తానల మొదటిసారి
నా చాయ పైసలు నన్నే ఇయ్యనిచ్చిండు.