నూట ఇరవై మిల్లీలీటర్లు

ఆగు, అంది నైరా. మూత మీంచి చెయ్యి తియ్యి.

ఇంజను ఆపి నలభై నిమిషాలు.
అటకామా గాలి బానెట్టు మీంచి ఈలేసుకుంటూ పోతోంది,
లోపల మాత్రం ఇంకా కుతకుత.
ఇంత ఎత్తున నీళ్ళు ఊరికే మరిగిపోతాయి,
బంగాళాదుంప మాత్రం మధ్యాహ్నానికి గానీ ఉడకదు.
ఒకసారి తొందరపడి తిప్పిన ఎలియోదోరో
ఎడమ చెంపని ఇప్పటికీ ఎండకి చూపించడు.

కూర్చున్నాం టైరు నీడలో.
టైరంటే రెండు నిలువుల ఎత్తు.
నేను పనిలో చేరి పదిహేడు రోజులు.
ఆమె కోకా ఆకు బుగ్గన పెట్టుకుని
చేతివెనకతో రేడియేటర్ని తాకింది,
పెనం కాలిందో లేదో చూసినట్టు, చటుక్కున.

ఇప్పుడు.
పావు తిప్పు. బుస్సుమననీ.
ఆ బుస అయిపోయాకే మిగతాది.

సంచిలోంచి కొత్త గొట్టం తీసింది.
నిన్న పందొమ్మిదో బండికి వాడింది ఉందిగా, అన్నాను.
ఎంగిలి, అంది. అంతే.

పంపు నాలుగుసార్లు లాగితే
గొట్టంలో పాకుతూ వచ్చింది.
చిక్కగా ఎర్రగా ఉండాల్సింది,
దానిమ్మ గింజలు కడిగిన నీళ్ళలా ఉంది.

మొదటి గుక్క సీసాలోకి పోదు.
మా అవ్వ ఏ గిన్నె ఎత్తినా మొదటి గుక్క
పాచమామకని నేల మీద వదిలేది.
అలవాటుగా వొంగాను.
నైరా నా మోచెయ్యి పట్టుకుంది:
నేలకొద్దు. తియ్యగా ఉంటుంది ఇది.
క్యాంపులో కానేలో అని కుక్క ఉండేది,
పోయిన చలికాలం గుంటలో ఒలికింది నాకింది.
ఒక రోజంతా తాగినవాడిలా తూలింది,
మూడో రోజు లేవలేదు.
డబ్బాలోకి పొయ్యి.

సీసా భుజం దాకా నింపి, బిరడా బిగించి
చీటీ రాయడం మొదలెట్టింది.
బండి: ఇరవై ఏడు.
గంటలు: నలభై ఒక్కవేల ఎనిమిది వందల ఆరు.
చివరిసారి పోసిందేమిటి?
పెన్సిలు ఆగింది.

రాత్రి షిఫ్టు ఫెర్మిన్ నిచ్చెన దగ్గర నిలబడి
హెల్మెట్ పట్టీ విప్పుతున్నాడు, పెడుతున్నాడు,
విప్పుతున్నాడు.
నా తాగే నీళ్ళు, అన్నాడు చివరికి.
రోజుకి రెండు క్యాన్లు. ఆరు రాత్రులు.
దీపం వెలిగేది. ఆపితే ట్రిప్పులు పోతాయి కదా.
నాలుక పిడచగట్టుకుపోయేది, అలాగే తోలాను.

నైరా అతన్ని చూడలేదు.
వేళ్ళ మీద లెక్కేసి రాసింది:
మామూలు నీళ్ళు, అరవై లీటర్లు.
ఎవరు పోశారన్న గడి ఆ చీటీలో లేదు.

సీసా ఆంటోఫగాస్టా వెళ్ళింది
జీపు వెనక సీట్లో, ఎవరిదో మేకపాల చీజు పక్కన,
బెల్టు పెట్టుకుని.

తొమ్మిదో రోజు కాగితం వచ్చింది.
సున్నం ఎక్కువ.
తుప్పు ఆపే మందు సగం కూడా లేదు.
రాగి: ఉండాల్సిన దానికి పన్నెండు రెట్లు.

రాగి కొండ మీద రాగి దొరికిందట! నవ్వాను నేను.
నైరా నవ్వలేదు.
ఇది కొండది కాదురా,
దాని ఒంట్లోది.
ఇరవై ఏళ్ళు మోసిందంతా లెక్క కట్టారు,
ఇది మాత్రం ఏ తూకంలోనూ పడదు.

ఆ సాయంత్రం ఇరవై ఏడో బండి సీటు వెనక
రెండు ఎర్ర క్యాన్లు సర్దింది,
వాటి పక్కన రెండు తెల్లవి.
తెల్లవాటి మీద ఫెర్మిన్ అని రాసింది.
కాస్త ఆలోచించి
ఎర్రవాటి మీద కుక్క బొమ్మ వేసింది,
కాళ్ళు సరిగ్గా కుదరలేదు.