నాలుగో కొస

అంగోషె తీరాన ఇసుక ఇంకా తడారలేదు.
అతీజా రెండు కొబ్బరిపీచు తాళ్లు తెచ్చి
కొసకు కొస ఆనించి కొలిచింది.
ఒకటి బెత్తెడు పొడుగొచ్చింది. కత్తితో కోసేసింది.
రెంటినీ సగానికి మడిచి
మడత మీద మడత, ఒకే ముడి.

"ఇల్లు ఇక్కణ్ణించి మొదలు," అంది,
ఏ గోడా తాకని ఆ నడిమధ్యని చూపిస్తూ.

కొడుకు అమీసి ఒక కొస, కూతురు జెనాబు ఒక కొస,
తనొకటి.
నాలుగోది పట్టుకునేవాణ్ణి
మార్చిలో గాలి పట్టుకుపోయింది.
ఆ కొస ఇసుకలో పడుంది
ఎవరో మరిచిపోయిన చెప్పులా.

ముగ్గురూ లాగి చూశారు. మూడు మూలలొచ్చాయి.
"త్రిభుజానికి కర్ణం ఉండదు,"
జెనాబు బడి గొంతుతో అంది,
"ప్రతి మూలా తక్కిన రెంటికీ పక్కింటిదే.
ఎదురు మూల ఉంటేనే గదా
గీత లోపల్నించి నడిచేది."

అమీసి నవ్వాడు. "మేకులు కొట్టేద్దాం.
ఒక తాడు బిగిస్తే నడుమ కదలదు,
రెండోది నేనొక్కణ్ణే తిప్పుకుంటా."

లెక్క తప్పు కాదు.
అతీజాకీ తెలుసు, ఇరవై ఇళ్లకు ముగ్గు పోసిన మనిషి.
తెలిసే అంది:
"సెలెమానెని పిలుచుకు రా."

సెలెమానెతో మూడేళ్లుగా మాటల్లేవు.
జీడిమామిడి కొమ్మొకటి కంచె దాటి కాసింది,
గింజలెవరివన్న చోట పలకరింపులు ఆగిపోయాయి.
గోడ కలిసినవాళ్లు కొట్టుకోడానికి
ఆ గోడే చాలు.

వచ్చాడు. అతీజా వైపు చూడకుండానే
ఆమెకు సరిగ్గా ఎదురు మూలకు పోయి
కొస అందుకున్నాడు.
తాడు లేచింది. ఇసుక రాలింది.

"నీ వైపు."
"ఇంకాస్త."
"చాల్లే, అక్కా."

తలుపు సముద్రం వైపు వద్దు, బావి వైపు రావాలని
నలుగురూ ముడి చుట్టూ అడుగడుగు తిరిగారు.
తాళ్లు నిట్టనిలువుగా కోసుకున్నప్పుడు చదరం,
ఒకదాని వైపొకటి వాలినప్పుడు నిడుపాటి గది,
ఎటు జరిగినా
నాలుగు మూలలూ మూలమట్టానికి లొంగేవే.

నా భాషలో కర్ణమంటే చెవి కూడా.
బిగిసిన తాడు ఇంచుమించు అలాగే వింటుంది:
అటు ఎవరైనా దగ్గితే
ఇటు అరచేతికి తెలుస్తుంది.

మేకులు దిగాక ముడి ఊడి రాలేదు.
సెలెమానె పళ్లతో పట్టి విప్పాడు.
రేపు మట్టిగోడలు లేస్తాయి,
ఈ రెండు గీతలూ ఏ గోడలోనూ కనబడవు.
కోసేసిన బెత్తెడు ముక్కతో
జెనాబు జడ కట్టుకుంది.

జీడిగింజల సంగతి
ఆ పూట ఎవరూ ఎత్తలేదు.