దూది పోగు

లైసెన్సు కాగితం మీద సంతకం చాలు నాకు.
ఒంగోలు ఆర్టీవో ఆఫీసు పక్క సందులో
మూడొందలు తీసుకుని తలెత్తకుండా గీసేవాడొకాయన.
ఇన్నేళ్ళలో ఆయన నా మొహం చూడలేదు,
ఆయన నడినెత్తిన బట్టతల పెరగడం మాత్రం
నేను చూస్తానే ఉన్నా.

ఈసారి ఆ గదికి తాళం.
"పొదిల్లో జరీనా డాక్టరమ్మ ఉండాది పో, మాల్యాద్రీ.
కాకపోతే ఒక పూట పోద్ది"
అన్నాడు టీకొట్టు బ్రహ్మయ్య.

విత్తనాల కొట్టు మీద మేడ, ఇనప మెట్లు.
నా ముందు ఏడుగురు. ఒక్కొక్కరికీ అరగంట.
ఎవరూ మూలగడం లేదు, దగ్గడం లేదు.
జబ్బు లేకుండా ఆసుపత్రికొచ్చే జనం
ఉంటారని అప్పుడే తెలిసింది.

"చొక్కా తియ్."
"అమ్మా, సంతకం…"
"మేజోళ్ళు కూడా."

వేలు మీద వేలేసి నా వీపు మీద కొట్టింది.
టక్. టక్. చెవి ఒగ్గింది. ఇంకాస్త కిందికి జరిగి, టక్.
నాకు నవ్వొచ్చింది.
చీమకుర్తి క్వారీలో రాయి ఎక్కించుకున్నాక
కృష్ణపట్నం దారి పట్టేముందు
మా ఖాజావలి రాడ్డు తీసుకుని
అన్ని టైర్లూ ఇట్టాగే కొట్టుకుంటా పోతాడు.
గాలున్న టైరు ఒక మాట చెబుతుంది,
లేని టైరు ఇంకో మాట.
ఈమె మా బళ్ళ మనిషే, అనుకున్నా.

తాగేది బోరు నీళ్ళా, సాగర్ నీళ్ళా?
రాత్రిపూట ఎన్నిసార్లు లేస్తావు?
గురక పెడతావని నీ భార్య ఎప్పుడన్నా అనిందా?
మీ నాయన దేంతో పోయాడు?
"వయసొచ్చి పోయాడమ్మా."
"ఎంత?"
"యాభై రెండు."
పెన్ను ఆగింది.
"అది వయసు కాదు, అబ్బయ్యా."
ఈ ఉగాది దాటితే నాకు యాభై.

పడుకోబెట్టి కళ్ళు మూసుకోమంది.
"దూది పోగు తగిలినప్పుడల్లా ఊఁ అను."
ఎడమ కాలు. ఊఁ. ఊఁ.
కొంచెం ఆగి, ఊఁ.
తర్వాత చానాసేపు ఏమీ లేదు.
కింద కొట్టులో ఎవరో కంది విత్తనాలు బేరమాడుతున్నారు.
ఫ్యాను రెక్క ఒకటి కిచకిచమంటా తిరుగుతోంది.
"కుడికాలు ఎప్పుడు మొదలెడతావమ్మా?" అన్నా.
"అయిపోయింది" అంది.

కుడికాలు.
బ్రేకు మీదుండే కాలు.
సింగరాయకొండ దగ్గర గొర్రెలమంద అడ్డమొస్తే
ముప్పై టన్నుల నల్లరాయిని నిలబెట్టే కాలు.

సంతకం పెట్టలేదు.
రక్తానికో చీటీ, ఉచ్చకో చీటీ,
కంటి డాక్టరుకి ఇంకోటి.
తిట్టుకుంటా దిగా ఆ మెట్లు.
మూడు వారాల కిరాయి ఎవడిస్తాడు నాకు?
సోమవారం సందులో తాళం తీశారు. పోయా కూడా.
మూడొందలు గుప్పిట్లో పెట్టుకుని
ఆ బట్టతల ముందు నిలబడ్డా.
అది పైకి లేవలేదు.
ఎంతసేపు నిలబడ్డానో,
వెనక మనిషి తోస్తే పక్కకి తప్పుకున్నా.

ఆ సాయంత్రం కొత్త నంబరు మోగింది.
"మాల్యాద్రీ, రక్తం ఇచ్చావా?"
ఫైనాన్సోళ్ళు తప్ప
నన్ను పేరు పెట్టి వెతికినోళ్ళు అంతకుముందు లేరు.
"రేపు ఇస్తానమ్మా" అని అబద్ధం చెప్పా.
మర్నాడు అది నిజం చేయాల్సొచ్చింది.

ఎనిమిది నెలలయింది. చక్కెర దిగింది,
దిగాల్సినంత కాదు.
కాగితం ఇచ్చింది గానీ రాత్రి బండి వద్దంది.
బొటనవేలి దగ్గర దూది పోగు
ఇప్పటికీ ఒక్కోసారి నన్ను మోసం చేస్తుంది.

తెల్లారి, బండి కదిలేముందు
చెప్పు విడిచి
క్వారీ రాతి మీద కుడిపాదం ఆనిస్తా.
ఖాజావలి టైర్లు కొట్టుకుంటా వచ్చి
నా పక్కన ఆగుతాడు.
"ఏమంటాది కాలు, అన్నా?"
"రాత్రి మంచు పడిందంట."