సందువైపు గోడ

గంగజాతర ముగిసిన వారానికి
తీర్థకట్ట వీధిలో చెంగల్రాయులు కట్టిన కొత్త బట్టలంగడికి
టేపూ, దిక్సూచీ, చెమటకు ఉబ్బిన డైరీతో పోయినాను.
గోడలింకా ప్రైమరు వాసన.
పడమటి ముఖమంతా అద్దం.
"అందంగా ఉండాలని పెట్టించినా మేడం" అన్నాడు.
మధ్యాహ్నం మూడు దాటినాక
ఆ అందం ఎంత బరువో లెక్కగట్టడం నా పని.

మూడంతస్తులు.
ట్యూబులు రాసుకున్నాను, లిఫ్టు మోటారు రాసుకున్నాను,
పట్టుచీరల అరల్లో వెలిగే చిన్న బల్బులు నూట అరవై.
ఇంక మనుషులు.
కూర్చున్న మనిషికి ఇంత వేడి,
చీర విసిరి పరిచే మనిషికి ఇంకొంచెం,
పుస్తకంలో పట్టిక ఉంది.
కొండ దిగి, గుండు మీద గంధం ఆరకముందే
కొనడానికి కాదు, కాసేపు నిలబడడానికి
తలుపు తోసుకొచ్చే కుటుంబాలకు మాత్రం
అందులో గడి లేదు.
అంతస్తుకు పదిమందిని నేనే కలుపుకున్నాను.

ముప్ఫై ఆరు టన్నులు.

"టన్నంటే ఏంది, బరువా?"
బరువే.
ఒక టన్ను మంచు ఒక పగలూ రాత్రీ కరిగితే
ఎంత చలువో, అంత.
మా నాయన రేణిగుంట ఐసు ఫ్యాక్టరీలో
దిమ్మెల మీద రంపపుపొట్టు కప్పేవాడు.
మాకు జ్వరమొస్తే అమ్మ మాత్ర వెతికేది కాదు,
"ఉండు, మీ నాయన చేతులు వస్తాయి" అనేది.
ఇది చెంగల్రాయులుకు చెప్పలేదు.
మూడు కాగితాలు ముందు పెట్టినాను.

స్ప్లిట్లు. చవక.
గోడ నిండా పెట్టెలు, పెట్టె కింద బకెట్టు.
డక్టు. సీలింగు రెండడుగులు దిగుతుంది,
సేల్సుమ్యాను చీర ఎగరేస్తే కొంగు గ్రిల్లుకు తగులుతుంది.
మూడోది వీఆర్ఎఫ్.
జనం ఏ అంతస్తులో ఉంటే చలువ అక్కడికే పోతుంది.
ఖరీదు చూసి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు,
మళ్ళీ పెట్టుకున్నాడు.
అంకె మారలేదు.
"సరే, ఇదే కానీ.
బయట మిషన్లు సందులో పెట్టేయండి, పైపు కలిసొస్తాది."

సందు ఆరడుగులు.
గోడకెదురుగా వళ్ళియమ్మ ఇస్త్రీ బండి.
బొగ్గుల పెట్టెను ఊపుతా, మెడలో తడిగుడ్డ సర్దుకుంటా
నన్నూ టేపునూ చూసింది.
"ఏసీ పెడతారంట గదా.
మా పక్కకూ కొంచిం గాలి వస్తాదా మేడం?"
"వస్తుంది" అన్నాను.
గాలి అనే అడిగింది, నేనూ గాలి అనే చెప్పినాను.

వేడి చచ్చిపోదు. ఇల్లు మారుతుంది, అంతే.
లోపలినుంచి తోలేసిన ముప్ఫై ఆరు టన్నులూ,
తోలే మిషను ఒంటి వేడి ఇంకా పైన కలుపుకొని
ఎక్కడో ఒకచోట గుమ్మం దిగాలి.

లోపలికి పోయి చెప్పినాను:
"సందులో పెడితే వదిలిన గాలినే మళ్ళీ పీలుస్తుంది." ఇది నిజం.
"నాలుగేళ్ళకే కంప్రెసరు పోతుంది." సగం నిజం.
"కంపెనీ వారంటీ ఇవ్వదు."
ఇది గడప దాటేటప్పుడు పుట్టింది.

మేడ మీదికి రాగి పైపు, ఇనుప స్టాండు,
లక్షా పదివేలు జాస్తి.
చెంగల్రాయులు చాలాసేపు క్యాలెండరు చూసినాడు.
ఒప్పుకున్నాడు,
నా ఫీజులో పదిహేను వేలు కోసి.

ఆషాఢం డిస్కౌంటు బ్యానరు కట్టిన రోజు పోయినాను.
లోపల గుండ్లు, గంధం, పసిపిల్లల నిద్ర.
మేడ మీద ఫ్యాన్లు
కొండవైపు ముఖం తిప్పుకొని ఊదుతున్నాయి.
సందులో ఎప్పటి ఎండే, ఎప్పటి బొగ్గే.
వళ్ళియమ్మ చొక్కా కాలరు నొక్కుతూ
తలెత్తకుండానే అడిగింది:
"ఏం మేడం, వస్తాదంటివే.
గాలంతా పెద్దోళ్ళకేనా,
మా పక్కకు రానే లేదే?"